తార్‌బహార్‌లో అఖిల భారత సంఘం

సున్నం మీద నీళ్లు పడగానే ఒక వేడి వాసన లేస్తుంది. ముక్కుకి సూటిగా తగిలి, గొంతులో కాస్త మంట పుట్టించి, ఆ తర్వాత ఎందుకో హాయిగా అనిపిస్తుంది. ఈ ఉదయం ఊరి చివర మంగ్లాలో మా ఇంటి వెనక ఖాళీ స్థలంలో కుర్రాళ్లు బకెట్లో సున్నం కలిపి చెడుగుడుకి గీతలు గీస్తున్నారు. ఆ వాసన కిటికీలోంచి నా కాఫీ గ్లాసు దాకా వచ్చింది. మా ఆవిడ కిటికీ మూసెయ్యబోతే వద్దన్నాను. దాని వెంట సన్యాసిరావు బాబాయ్ కూడా వచ్చారు మరి. వచ్చిన పెద్దమనిషి మొహం మీద తలుపు వేస్తే ఏం బాగుంటుంది?

మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. ఆయన మా బిలాస్‌పూర్‌లో పాసింజరు బళ్ల గార్డు. నాకు రక్తసంబంధం ఏమీ లేదు. మా నాన్నా ఆయనా విజయనగరం వైపు నుంచి రైల్వేలో చేరడానికి కలిసి వచ్చినవాళ్లు, తార్‌బహార్ అనే రైల్వే పేటలో ఇరుగుపొరుగున కాపురం పెట్టినవాళ్లు, అందుకని బాబాయ్. పొట్టి మనిషి. తెల్ల కోటు వేసుకుంటే బొత్తాలు పొట్ట దగ్గర ఎప్పుడు తెగుతాయా అన్నట్టుండేవి. నవ్వితే శబ్దం వచ్చేది కాదు, భుజాలు మాత్రం ఎగిరేవి. ఈ మనిషికి గార్డు ఉద్యోగం కాక ఇంకో కొలువు ఉండేది. దేశం మొత్తానికి చెడుగుడు ఆటని నడిపే సంఘానికి ఆయన కార్యదర్శి. రెండో యుద్ధానికి ముందు రోజుల మాట ఇది. సంఘం పేరులో అఖిల భారతం ఉండేది గానీ, సంఘం ఉన్నది మాత్రం బాబాయ్ గారి ముందు గదిలో, రెండు బెంచీలూ ఒక రేకు పెట్టెలోనూ. అధ్యక్షులుగా ఒక జమీందారు గారు ఉండేవారు. ఆయన ఫొటో గోడ మీద ఉండేది. ఆయన మాత్రం ఏ సమావేశానికీ రాలేదు, బహుశా ఆ ఆట కూడా చూసి ఉండరు.

పెద్ద పెద్ద పట్నాలుండగా బిలాస్‌పూరే ఎందుకని అందరూ అడిగేవారు. కారణం చాలా సామాన్యమైనది. నాగపూర్ వైపు బళ్లూ, కలకత్తా వైపు బళ్లూ, కట్నీ మీంచి ఉత్తరాది బళ్లూ అన్నీ మా ఊళ్లో కలుస్తాయి. ఏ రాష్ట్రం వాడైనా పొద్దున దిగి, సమావేశం చూసుకుని, సాయంత్రం బండికి వెళ్లిపోవచ్చు. ఇక కార్యదర్శి ఊరూరా తిరగాలి కదా, సంఘం దగ్గర డబ్బెక్కడిది? బాబాయ్‌కి రైల్వే పాసు ఉంది. ఆయన నాయకత్వానికి పునాది ఆ పాసే అని ఆయనే చెప్పుకుని నవ్వేవారు. నవ్వనిది గౌరమ్మ పిన్ని ఒక్కర్తే. "సింహాచలం ఎల్దామంటే పాసు ఉండదు. ఆ చెడుగుడు దేవుడికైతే ఎప్పుడూ ఉంటాది," అనేది. అంటూనే వచ్చినవాళ్లందరికీ వండి పెట్టేది. బెంగాలీలకి చేపలు, మరాఠీలకి పప్పు, మనవాళ్లకి పులుసు.

నేనప్పటికి గూడ్స్ ఆఫీసులో గుమాస్తాని. ఒంట్లో బలం, నోట్లో అంతకన్నా ఎక్కువ బలం. మా తెలుగువాళ్ల జట్టులో ఆడేవాణ్ణి. రైల్వే మైదానం సరిగ్గా లైను పక్కనే ఉండేది కాబట్టి అక్కడ ఈలతో ఆట నడిపించడం కుదిరేది కాదు. ఇంజన్ల కూతలూ, షెడ్డు సైరనూ, షంటింగు వాళ్ల ఈలలూ మా చెవులకి ఎంత అలవాటైపోయాయంటే, ఇంకో ఈల వినబడితే ఎవడూ తల తిప్పేవాడు కాదు. అందుకని బాబాయ్ తన పాత గార్డు జెండాలే తీర్పరి చేతికి ఇచ్చేవారు. పచ్చది ఊపితే ఆట మొదలు, ఎర్రది చూపితే ఆట ఆగాలి. ఒక్కటే కట్టుబాటు, ఎర్రజెండా నడుం దాటి పైకి లేవకూడదు. పక్కన లైనుంది, జాగ్రత్త అని ప్రతి ఆటకీ ముందు చెప్పేవారు.

ఒకసారి ఖలాసీల జట్టుతో ఆడుతున్నప్పుడు మావాణ్ణి అవుట్ అన్నారని నేను తీర్పరి మీదికి వెళ్లాను. నా అరుపు స్టేషను దాకా వినబడి ఉంటుంది. బాబాయ్ తాపీగా నడిచి వచ్చారు.

"ఏటిరా రమణా, ఏటైంది?"

"మనోడు గీత ముట్టాడు బాబాయ్! గుడ్డోడికైనా కనబడతాది!"

"అచ్ఛా. నీకు బాగా కనబడతాదన్నమాట. అయితే రేపటి ఆటకి జెండాలు నువ్వే పట్టు."

ఆయన పద్ధతి అది. ఎవడు ఎక్కువ అరిస్తే జెండాలు వాడికే. శిక్షగా కాదు, నిజంగానే నమ్మి ఇచ్చేవారు. అంత అరిచాడంటే వాడికి ఆట మీద అంత పట్టింపు ఉన్నట్టే కదా అని ఆయన లెక్క. మర్నాడు నేను జెండాలు పట్టాను. సగం ఆట అయ్యేసరికి రెండు జట్లూ కలిసి నన్ను తిడుతున్నాయి. ఎటు చూసినా దుమ్ము, ఎవడి కాలు ఎక్కడుందో తెలియదు, అందరికీ నాకన్నా బాగా కనబడుతోంది. ఆట అయ్యాక బాబాయ్ నా భుజం మీద చెయ్యేసి, "గొంతు ఎలాగుందిరా?" అన్నారు. "ఇవాళ దాంతో పని పడలేదు బాబాయ్," అన్నాను. ఆయన భుజాలు ఎగిరాయి. ఆ తర్వాత కూడా నేను అరిచాను, లేదని చెప్పను. కానీ అరిచేముందు ఒకసారి దుమ్ములోకి కళ్లు చిట్లించి చూడటం మాత్రం అలవాటైంది.

అసలు కథ సంఘం రెండు ముక్కలవబోయిన ఏడాది జరిగింది. ఆట ఒకటే అయినా దేశంలో దాన్ని ఒక్కో చోట ఒక్కో రకంగా ఆడేవారు. పేచీ అంతా చచ్చినవాడి దగ్గర వచ్చింది. మన వైపూ, మరాఠీల వైపూ, అవతలి జట్టులో ఒకణ్ణి అవుట్ చేస్తే మన జట్టులో అంతకుముందు అవుటైనవాడొకడు తిరిగి బరిలోకి వస్తాడు. బతికి వచ్చాడంటాం. బెంగాలీల వైపు చచ్చినవాడు చచ్చినట్టే, ఆట అయ్యేదాకా గట్టు మీద కూర్చోవాలి. దేశమంతటికీ ఒకే నియమం ఉండాలని సంఘం తలపెట్టింది. ఆ ఏడు సమావేశంలో అది తేలిపోవాలి. బాబాయ్ పదేళ్లకు పైగా పాసులు అరగదీసి, ఒక్కో రాష్ట్రాన్నీ బతిమాలి కట్టిన సంఘం నిలుస్తుందా, పోతుందా అన్నది ఆ ఒక్క మాట మీదే ఆధారపడింది.

బెంగాల్ తరఫున మిత్రా బాబు వచ్చారు. ఖరగ్‌పూర్‌లో డ్రాయింగ్ మాస్టారు. పొడుగ్గా, సన్నగా, ఎండలేకపోయినా గొడుగుతో ఉండేవారు. ఖరగ్‌పూర్ నిండా మనవాళ్లే కాబట్టి తెలుగు బాగానే వచ్చు. నాగపూర్ నుంచి దేశ్‌పాండే గారు. ఆయన వకీలు, మాట మొదలుపెడితే కోర్టులో ఉన్నట్టే ఉండేది.

"చచ్చినవాడు మళ్లీ లేచి రావడం ఏమిటి సన్యాసిబాబూ? ఇది ఆటా, నాటకమా?" అన్నారు మిత్రా బాబు.

దేశ్‌పాండే గారు హిందీలో అందుకున్నారు. మొదటి కూతకే చచ్చినవాడు ఆట అయ్యేదాకా గట్టున కూర్చోవాలా, వాడు ఇంత దూరం వచ్చింది ఆడటానికా, వేరుశనక్కాయలు తినడానికా అని. మాటా మాటా పెరిగింది. గౌరమ్మ పిన్ని గుమ్మంలోకి వచ్చి, "తగువు తరవాత పడుదురు గాని, ముందు తినీండి. పులుసు సల్లారిపోతే నేను మళ్లీ ఎచ్చబెట్టను," అంది. తిన్నారు. చేతులు కడుక్కుని వచ్చి, ఆపిన చోట నుంచే మళ్లీ మొదలుపెట్టారు.

చివరికి మిత్రా బాబు గొడుగు అందుకుని లేచారు. బతికొచ్చే నియమం పెడితే తమ రాష్ట్రం ఉండదనీ, ఇంకో రెండు రాష్ట్రాలు కూడా తమ వెంట వస్తాయనీ, ఖరగ్‌పూర్‌లో వేరే అఖిల భారత సంఘం పెడతామనీ చెప్పారు. "రేపు సాయంత్రం ప్రదర్శన ఆట చూసి కలకత్తా మెయిల్ బండికి వెళ్లిపోతాం. ఇక ఇటు రాం," అన్నారు. నాకైతే ఆ గొడుగు లాక్కుని విరిచెయ్యాలనిపించింది. బాబాయ్ మాత్రం ఆయన్ని గుమ్మం దాకా సాగనంపి, "వెళ్దురు గాని దాదా. రేపటి ఆటకి జెండాలు మీరు పట్టాల," అన్నారు.

"నేనా? అది మీ పద్ధతి ఆట. బతికొచ్చే ఆట."

"అందుకే అడుగుతున్నాను. దాంట్లో తప్పులు మీకు కనబడ్డట్టు మాకు కనబడవు."

మిత్రా బాబు చాలాసేపు బాబాయ్ మొహంలోకి చూశారు. ఎగతాళి చేస్తున్నారేమోనని అనుమానం. ఎగతాళి కాదని తేల్చుకున్నాక సరేనన్నారు.

మర్నాడు సాయంత్రం తార్‌బహార్ అంతా మైదానంలోనే ఉంది. తెలుగువాళ్లకీ మరాఠీలకీ ఆట. మిత్రా బాబు సామాను కట్టించి గట్టు మీద పెట్టించి, తువ్వాలు నడుముకి బిగించి బరి పక్కన నిలబడ్డారు. ఆయన ఆ ఆటని నడిపించిన తీరు చెప్పాలంటే ఇవాళ్టికీ నాకు నవ్వొస్తుంది. వద్దని అంత గొడవ చేసిన నియమాన్ని ఆయన ప్రాణంలా పట్టుకున్నారు. ఎవడు ఎప్పుడు అవుటయ్యాడో గుర్తుపెట్టుకుని, చచ్చినవాళ్లని వరసగా కూర్చోబెట్టారు. బతికి వచ్చేవాడు ఆ వరసలోనే లేచి రావాలి. అంతవరకు మేమెవరమూ ఆ వరస పట్టించుకోలేదు. ఎవడు బలంగా ఉంటే వాణ్ణే లోపలికి తోసేవాళ్లం. ఆ రోజు కూడా అలాగే, మా జట్టులో వెనక చచ్చిన నన్ను మావాళ్లు ముందు లేపారు. నేను బరిలోకి దూకాను.

మిత్రా బాబు ఎర్రజెండా చూపించారు. ఎవరూ ఆగలేదు. కూతకొచ్చినవాడు కూత ఆపలేదు, మేము పట్టు వదల్లేదు. ఆయనకి కోపం నెత్తికెక్కింది. పక్కనున్న కుర్చీ లాగి, దాని మీదికెక్కి, ఎర్రజెండా తలపైన గిరగిరా తిప్పుతూ, "రోకో! ముందు చచ్చినవాడు ముందు బతకాలి! ఏ న్యాయం ఇది! రోకో!" అని కేకలు పెట్టారు.

మేం ఆగామో లేదో గానీ, మెయిల్ ఆగింది. నాగపూర్ వైపు నుంచి స్టేషన్లోకి వస్తున్న కలకత్తా మెయిల్, కీచుమంటూ బ్రేకులు పట్టి, ఆవిర్లు కక్కుతూ, సరిగ్గా మైదానం పక్కన నిలబడిపోయింది. ఎర్రజెండా ఎవరు చూపించినా డ్రైవరు ఆపి తీరాలి. అది రైల్వేలో పుట్టిన పిల్లలక్కూడా తెలుసు. కిటికీల నిండా తలకాయలు. కొందరు దిగి వచ్చేశారు. డ్రైవరు ఇంజను దిగి, "ఖతరా కిధర్ హై?" అంటూ పరిగెత్తుకొచ్చాడు. ప్రమాదం ఏమిటో అతనికి ఎవరు చెప్తారు? ముందు చచ్చినవాడు ముందు బతకలేదని చెప్పాలా?

బాబాయ్ పరుగున వెళ్లి మిత్రా బాబు చేతిలోంచి జెండా తీసుకుని, ఇంజను దగ్గరికి నడిచారు. "జెండా నాది సాబ్. గార్డుని నేనే. లైను సాఫ్‌గా ఉంది, వెళ్లండి," అన్నారు. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. మా ఖర్మకొద్దీ మొదటి తరగతి పెట్టెలో రైల్వే పెద్ద అధికారి ఒకాయన, తెల్లదొర, బిలాస్‌పూర్‌లోనే దిగాల్సినవాడు, కూర్చుని ఉన్నాడు. ఆయన గడియారం చూసుకోవడం మేమందరం చూశాం. బండి కదులుతుంటే దేశ్‌పాండే గారు మిత్రా బాబుతో, "మీ బండి అదే కదా, స్టేషనుకి పరిగెడితే అందుతుంది," అన్నారు. మిత్రా బాబు ఇంకా కుర్చీ మీదే ఉన్నారు. "వెళ్లనీ. ఇక్కడ ముందు చచ్చినవాడెవడో ఇంకా తేలలేదు," అన్నారు. ఆ బండి ఆయన లేకుండానే కలకత్తా వెళ్లింది.

తెల్లారేసరికి బాబాయ్‌కి ఆ దొర దగ్గర్నుంచి పిలుపు వచ్చింది. మెయిల్‌ని ఉత్తపుణ్యాన ఆపించడం చిన్న తప్పు కాదు. అంతకన్నా చిన్నవాటికే ఉద్యోగాలు పోయినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. కోటు బొత్తాలు పెట్టుకుంటున్న బాబాయ్‌ని పిన్ని, "ఉద్యోగం పోతే ఏటి సేస్తారు?" అని అడిగింది. "చెడుగుడు ఆడతాను," అన్నారు. "ఆ పొట్టతోనేటి?" అని నవ్వబోయి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికెళ్లిపోయింది. ఆవిడ భయం నాకు అప్పుడే తెలిసింది.

మేం కొందరం బాబాయ్ వెంట వెళ్లాం. ఆఫీసు వరండాలో మాకన్నా ముందే మిత్రా బాబూ, దేశ్‌పాండే గారూ నిలబడి ఉన్నారు. నిన్నటి దాకా ఒకే బెంచీ మీద కూర్చోడానికి ఒప్పుకోని ఇద్దరూ పక్కపక్కన, ఒకే గొడుగు నీడలో. పిలవకుండానే మా వెంట లోపలికొచ్చారు. దొర హిందూస్తానీలో అడిగాడు.

"జెండా ఊపింది ఎవరు?"

"నేను," అన్నారు మిత్రా బాబు. "నాకు ఆ పని అప్పగించింది సంఘం. ఈ గార్డు ఎర్రజెండా పైకెత్తొద్దని ముందే చెప్పాడు. వినంది నేను."

"నువ్వెవరు?" అని దేశ్‌పాండే గారి వైపు తిరిగాడు దొర.

"నేనూ సంఘం తరఫునే వచ్చాను. తప్పు సంఘానిది. ఒక్క మనిషిది కాదు."

"ఏ సంఘం? నిన్న బండిలో ఎవరో చెప్పారు, ఇక్కడ రెండు సంఘాలున్నాయట."

"ఒక్కటే ఉంది," అన్నారు మిత్రా బాబు. ఆ మాట అన్నాక తానే కాస్త ఆశ్చర్యపోయినట్టు బాబాయ్ వైపు చూశారు. బాబాయ్ నేల చూపులు చూస్తున్నారు గానీ భుజాలు ఎగురుతున్నాయి. ఆ గదిలో నాకు కన్నీళ్లొచ్చాయి. దొర ముందు ఏడవకూడదని గోడ మీది గడియారం చూస్తూ నిలబడ్డాను.

ఉద్యోగం పోలేదు. అలాగని దొర ఊరికే వదల్లేదు కూడా. బాబాయ్‌ని పాసింజరు బళ్ల మీంచి దింపి గూడ్స్ బళ్లకి వేశారు. గూడ్స్ గార్డు ఎప్పుడు బయల్దేరతాడో, ఎప్పుడు ఇల్లు చేరతాడో దేవుడికే తెలియాలి. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్తూ, "గూడ్సు ప్రతి ఊళ్లోనూ పూటలకి పూటలు ఆగిపోతాది. ఎక్కడికక్కడ సమావేశం పెట్టీయొచ్చు," అని పిన్నిని ఊరడించారు. ఆవిడ ఊరడిల్లలేదు.

ఆ మధ్యాహ్నమే సంఘం మళ్లీ కూర్చుంది. చచ్చినవాడు బతికి రావచ్చునని ఒప్పుకున్నారు. అయితే ముందు చచ్చినవాడే ముందు బతకాలి. ఆ షరతు మిత్రా బాబుది, దాంతో నియమం మొత్తం ఆయనదే అయిపోయింది. అంతా లేవబోతుంటే బాబాయ్ ఇంకో మాట ఉందన్నారు. గూడ్స్ డ్యూటీలో సంఘం పని సాగదు, కార్యదర్శిగా మిత్రా బాబు ఉండాలని ఆయన కోరిక.

నేను భగ్గుమన్నాను. "ఇది పెంచింది నువ్వు బాబాయ్! మొన్నటి దాకా చీలుస్తానన్న మనిషి చేతిలో పెడతావేటి? మనూరి నుంచి ఎల్లిపోతాది!" అని, మిత్రా బాబు ఎదురుగానే, తెలుగు ఆయనకి అర్థమవుతుందని తెలిసి కూడా అన్నాను.

"చీల్చగలిగే దమ్మున్నోడే నిలబెట్టగలడురా," అన్నారు బాబాయ్. ఆ తర్వాత గదంతా వినేలా, "దాదాకి ఒక సహాయకుడు కావాల. ఇంత గట్టిగా వొద్దన్నోడు మనకి ఇంకోడు దొరకడు. రమణని పెట్టండి," అన్నారు. మిత్రా బాబు నా వంక చూసి, గొడుగు నేలకి తాటిస్తూ, "పరవాలేదు, అరవగలడు," అన్నారు. అలా నేను వద్దన్న మనిషి దగ్గరే పనికి కుదిరాను. ఆయన దగ్గర ఏళ్లకేళ్లు పనిచేశాను. దెబ్బలాడుకున్నాం, ఆయన గీసిన బరి పటాలు నేను ఊరూరా పంచాను, ఆయన పోయినప్పుడు ఖరగ్‌పూర్ వెళ్లి పాడె మోశాను. ఆ తర్వాత సంఘాన్ని నా చేతుల్లో పెట్టారు.

కానీ నేను నేర్చుకున్నది ఆ మధ్యాహ్నం నుంచి కాదు, మరుసటి ఏడు సమావేశం నుంచి. మిత్రా బాబు కార్యదర్శిగా నడిపిన మొదటి సమావేశం అది. బిలాస్‌పూర్‌లోనే, ఆ ముందు గదిలోనే. బాబాయ్ గూడ్స్ డ్యూటీ దిగి, బొగ్గు మసి మొహంతోనే వచ్చారు. సొంత ఇల్లు, సొంత బెంచీలు. ఆయన వస్తే అందరూ లేచి ముందుకి రమ్మన్నారు. వద్దని సైగ చేసి, గుమ్మం దగ్గర అందరికన్నా వెనక కూర్చున్నారు. ఏదో చర్చ తప్పుదారి పడుతోందని నాకే తెలుస్తోంది, ఆయనకి తెలియదా? ఆయన చెయ్యెత్తారు. మిత్రా బాబు చూడలేదు. ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి, మాట్లాడకుండా కూర్చున్నారు. నేను లేచి చెప్పబోతే కళ్లతోనే కూర్చోమన్నారు. చివరికి మిత్రా బాబు తలెత్తి, "సన్యాసిబాబూ, మీకు ఒక నిమిషం," అన్నారు. బాబాయ్ లేచి మొదలుపెట్టిన మాట సగంలో ఉండగానే, "సమయం అయింది," అన్నారు మిత్రా బాబు. "జీ," అని కూర్చున్నారు బాబాయ్. తను కట్టిన సంఘం తనకి కూడా గడియారం చూసే చెప్పింది మరి, ఆయన మొహంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు.

నేను సంఘం వదిలి చాలా కాలమైంది. ఇప్పటికీ ఏడాదికోసారి పిలుస్తారు, వెళ్తాను. నా తర్వాత వచ్చినవాళ్లకి నేనెవరో సగం మందికి తెలియదు. వెనక వరసలో కూర్చుంటాను. చెప్పాల్సింది ఉంటే చెయ్యెత్తుతాను. వేదిక మీది కుర్రాడు ఒక్కోసారి చూడడు. ఈ వయసులో భుజం లాగేస్తుంది. అయినా ఆ చెయ్యి దించాలని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు.